పంతుళ్లకూ లక్ష డాలర్ల సుంకమా?

హెచ్‌-1బీ వీసాపై ట్రంప్‌ విధించిన లక్ష డాలర్ల రుసుము ఎవరి మెడకు చుట్టుకుంటుందో అమెరికా వలస సేవల విభాగం 2025 అక్టోబరు 20న ఇచ్చిన వివరణతో తేలిపోయింది. అక్కడే ఎంఎస్‌ చదివి, అక్కడి నుంచే విద్యార్థి వీసాను ఉద్యోగ వీసాగా మార్చుకునే సాఫ్ట్‌వేర్‌ ఇంజినీరుకు ఆ బెడద లేదు. ఇప్పటికే అక్కడ కొలువు చేస్తూ గడువు పొడిగించుకునే వారికీ లేదు. నల్లగొండలో బీఈడీ చేసి, ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, అమెరికాలో ఏ మారుమూల బడికో ఎంపికైన టీచరుకు మాత్రం అది వర్తిస్తుంది. ఆమెను పిలిపించుకోవాలంటే ఆ బడి అప్పటి మారకం ప్రకారం మన లెక్కలో సుమారు 88 లక్షల రూపాయలు కట్టాలి. గురిపెట్టామని చెప్పింది ఐటీ కంపెనీలకు, దెబ్బ పడింది బడిపంతులి మీద. తొందరపాటులో దొర్లిన తప్పని సరిపెట్టుకోవడానికీ లేదు. సెప్టెంబరు 19న ట్రంప్‌ ప్రకటనపై సంతకం చేశాక, నెల రోజుల తర్వాత తీరిగ్గా ఇచ్చిన వివరణ ఇది.

ఈ రుసుముకు వైట్‌హౌస్‌ చెబుతున్న సమర్థన ఒక్కటే. చవగ్గా దొరికే విదేశీయులను దించి అమెరికన్ల ఉద్యోగాలు ఊడగొడుతున్నారట. ఐటీ రంగం సంగతి ఆ రంగం చూసుకుంటుంది. టీచర్ల విషయంలో మాత్రం ఇది పచ్చి అబద్ధం.

చవక కూలీ అంటే ఏమిటో పాలమూరుకు (మహబూబ్‌నగర్‌కు) ఒకరు చెప్పాల్సిన పని లేదు. మేస్త్రీ చేతిలో పెట్టిన అడ్వాన్సుకు కుటుంబాలకు కుటుంబాలే కట్టుబడి, ఊరు కాని ఊళ్లో ఆనకట్టలకు, కాలువలకు మట్టి మోసిన జిల్లా ఇది. అక్కడ కూలి ఎంతో మేస్త్రీ చెప్పిందే లెక్క, ఆ లెక్క తేలేదీ పని ముగిశాకే. అమెరికా ప్రభుత్వ బడిలో వ్యవహారం ఇందుకు పూర్తిగా తలకిందులు. దాదాపు ప్రతి స్కూల్‌ డిస్ట్రిక్టుకూ ఒక జీతాల పట్టిక ఉంటుంది. నిలువునా అనుభవం, ఏడాదికో మెట్టు చొప్పున. అడ్డంగా చదువు, డిగ్రీకో గడి, పీజీకో గడి. రెండూ కలిసే చోట ఏ అంకె ఉంటే అదే జీతం. బోర్డు ఆమోదించి, అందరూ చూసుకునేలా వెబ్‌సైటులో పెట్టే పట్టిక అది. చాలాచోట్ల ఉపాధ్యాయ సంఘాలు బేరమాడి ఖరారు చేసింది కూడా. డల్లాస్‌లో పుట్టినవారికి ఒక గడి, దేవరకొండ నుంచి వచ్చినవారికి మరో గడి అందులో ఉండవు. అదే పని చేసే స్థానికులకు ఇచ్చేదానికన్నా, ఆ ప్రాంతంలో నడిచే జీతానికన్నా తగ్గించరాదని హెచ్‌-1బీ చట్టం కూడా కట్టడి చేసింది. ఇక ఇందులో చవక ఎక్కడుంది?

ట్రంప్‌ ప్రకటననే సాక్ష్యానికి పిలుద్దాం. హెచ్‌-1బీలో ఐటీ ఉద్యోగుల వాటా 2003లో 32 శాతం ఉండేదని, ఇటీవలి అయిదేళ్ల సగటు 65 శాతం దాటిందని అందులో రాశారు. కంప్యూటర్‌ సైన్స్‌ చదివిన కొత్త పట్టభద్రుల్లో నిరుద్యోగం 6.1 శాతమని, కంప్యూటర్‌ ఇంజినీరింగ్‌లో 7.5 శాతమని లెక్క చూపారు. ఐటీ కంపెనీల లేఆఫ్‌ల చిట్టా విప్పారు. విదేశీ టీచరు వల్ల ఫలానా ఊళ్లో ఒక అమెరికన్‌ టీచరు ఉద్యోగం పోయిందని చెప్పడానికి మాత్రం ఒక్క అంకె కూడా చూపలేకపోయారు. నేరం ఒకరిపై మోపి, సాక్ష్యాలన్నీ వారి మీదే చెప్పి, శిక్ష మరొకరికి వేయడాన్ని ఏ కోర్టులోనైనా న్యాయమంటారా? వాస్తవం ఈ ఆరోపణకు పూర్తిగా విరుద్ధం. ఖాళీగా ఉన్నవీ, పూర్తి అర్హత లేనివారితో నెట్టుకొస్తున్నవీ కలిపితే అక్కడ నాలుగు లక్షలకు పైగా టీచర్‌ పోస్టులున్నాయని లెర్నింగ్‌ పాలసీ ఇన్‌స్టిట్యూట్‌ 2025లో లెక్కగట్టింది. అంటే ప్రతి ఎనిమిది పోస్టుల్లో ఒకటి. ఖాళీ కుర్చీలో కూర్చున్నవారు ఎవరి కుర్చీ లాక్కున్నట్టు?

చవక కోసమే తెచ్చుకుంటున్నారన్న మాట ఎంత బూటకమో కూడికలు, తీసివేతలు వచ్చిన పిల్లలైనా చెబుతారు. అమెరికా ప్రభుత్వ బడుల్లో టీచరు సగటు జీతం 2023-24లో సుమారు 72 వేల డాలర్లు. కొత్తగా చేరేవారి సగటు 46,500 డాలర్లు. ఏడాది జీతాన్ని మించిన వీసా రుసుము కట్టి చవగ్గా మనిషిని తెచ్చుకునే బడి భూమ్మీద ఉంటుందా? వేల కోట్ల లాభాలున్న కంపెనీ తలచుకుంటే ఈ సొమ్ము పారేయగలదు. స్థానిక పన్నులతో నడిచే పల్లె బడి ఎక్కడి నుంచి తెస్తుంది? బడినీ కంపెనీనీ ఒకే గాటన కట్టకూడదన్న ఇంగితం ఇదే అమెరికాకు ఒకప్పుడు ఉంది. హెచ్‌-1బీ యజమానుల నుంచి స్థానికుల శిక్షణ కోసం వసూలు చేసే ఫీజు నుంచి ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలను అక్కడి కాంగ్రెస్‌ చేసిన చట్టమే మినహాయించింది. 750 డాలర్లో, 1,500 డాలర్లో ఉండే ఆ ఫీజే బడికి భారమని చట్టసభ తలచింది. లక్ష డాలర్లు భారం కాదని అధ్యక్షుడు తలచారు!

హెచ్‌-1బీ లాటరీని కొన్ని ఔట్‌సోర్సింగ్‌ కంపెనీలు దుర్వినియోగం చేసిన మాట నిజమే. సొంత టీచర్లకు జీతాలు పెంచితే అమెరికాకు ఈ కొరత ఇంతగా ఉండదన్న వాదనలోనూ పస ఉంది. కానీ జీతం పెంచడానికి పనికొచ్చే డబ్బును రుసుముగా గుంజుకుంటే కొరత తీరుతుందా?

మన ఇంగ్లిష్‌ టీచర్లకు ఈ తలుపు మూసుకుపోవడం మరింత బాధాకరం. చైనా, కొరియాల్లో ఇంగ్లిష్‌ చెప్పాలంటే ముందు చూసేది పాస్‌పోర్టు. ఇంగ్లిష్‌ మాతృభాషగా గల ఏడు దేశాల వారికే అక్కడ పెద్దపీట. భారత్‌తో కుదిరి 2010లో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో కొరియా మనవారికి సహాయ బోధకుల పోస్టుల వరకు తలుపు ఓరగా తెరిచింది, అంతే. వియత్నాం, కాంబోడియా, లావోస్‌, మయన్మార్‌లలో ఇంగ్లిష్‌ శిక్షణ కేంద్రాల ఏర్పాటులో పాలుపంచుకున్న ఇఫ్లూ (ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) మన హైదరాబాద్‌లోనే ఉన్నా ఈ వివక్ష తప్పడం లేదు. అమెరికా వీసా చట్టం మాత్రం మాతృభాష ఏమిటని అడగలేదు. డిగ్రీ అడిగింది, ఆ రాష్ట్రం ఇచ్చే బోధనా లైసెన్సు అడిగింది. ఇప్పుడు ఆ మర్యాదా పోయింది.

ఈ పంతుళ్లు విమానమెక్కాలని ఎందుకు చూస్తున్నారో హైదరాబాద్‌లోని ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2017 టీఆర్‌టీ తర్వాత మళ్లీ టీచర్ల నియామకం పూర్తయింది 2024లో. 2023లో 5,089 పోస్టులతో ఇచ్చిన నోటిఫికేషన్‌ రద్దయి, 11,062 పోస్టులతో కొత్తది పూర్తయ్యేదాకా ఏడేళ్లు కరిగిపోయాయి. ఈలోగా ప్రైవేటు బడుల్లో పనిచేసినవారి బతుకేమిటో కరోనా బయటపెట్టింది. 2021లో సర్కారు వారి చేతిలో పెట్టింది నెలకు 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం. అదే మహాభాగ్యమనుకున్న ఎంఏ, బీఈడీలు ఎందరో. ఇంటి దగ్గర గౌరవంగా బతికే దారి ఉంటే సప్తసముద్రాలు దాటాలని ఎవరికుంటుంది?

ఇప్పుడు దళారులకు పండగ. రుసుములో సగం మీరు పెట్టుకుంటే చాలంటూ నల్లగొండ, మహబూబ్‌నగర్‌ టీచర్ల ఇళ్ల చుట్టూ తిరిగేవారు పుట్టుకొస్తారు. హెచ్‌-1బీ ఖర్చును ఉద్యోగిపై రుద్దడం అమెరికా నిబంధనలకే విరుద్ధం. మేరీల్యాండ్‌లోని ప్రిన్స్‌ జార్జెస్‌ కౌంటీ విద్యాసంస్థ వెయ్యి మందికి పైగా విదేశీ టీచర్ల చేత ఫీజులు కట్టించినందుకు 2011లో 42 లక్షల డాలర్లు వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. ఇక్కడ చూస్తే పదో తరగతి దాటినవారికి వలస తనిఖీ అక్కర్లేని పాస్‌పోర్టు ఇచ్చి మన సర్కారు చేతులు దులుపుకొంటోంది. చదువుకున్నవారు మోసపోరన్న భ్రమ ఇది. రిజిస్ట్రేషన్‌ లేకుండా విదేశీ కొలువులకు మనుషులను పంపేవారిపై 1983 వలస చట్టం కింద కేసులు పెట్టాలి. జర్మనీకి, జపాన్‌కు నర్సులను పంపుతున్న రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టాంకామ్‌ టీచర్ల నియామకాలనూ తన చేతిలోకి తీసుకోవాలి. డీఎస్సీ ఏటా జరగాలి.

ఢిల్లీ బాధ్యత ఇంతకన్నా పెద్దది. దేశ ప్రయోజనం ఉందనుకుంటే ఒక రంగం మొత్తానికే మినహాయింపు ఇవ్వవచ్చని ట్రంప్‌ ప్రకటనలోనే ఉంది. అది అత్యంత అరుదుగానే ఇస్తామని అక్టోబరు 20 వివరణ చెబుతోంది. తమ పిల్లలకు పాఠం చెప్పేవారు లేకపోవడం అమెరికాకు దేశ ప్రయోజనం కాకపోతే మరేది అవుతుంది? రుసుము ప్రకటించిన మర్నాడే కుటుంబాలకు కలిగే ఇబ్బందుల గురించి మన విదేశాంగ శాఖ ఒక ప్రకటన చేసింది. వాణిజ్య చర్చల బల్లపై ఐటీ కంపెనీల గోడు వినిపించేవారికి కొదవ లేదు. బడిపంతులి తరఫున మాట్లాడేవారే లేరు. బోధనా రంగాన్ని ఈ రుసుము నుంచి పూర్తిగా మినహాయించాలని కేంద్రం పేరుపెట్టి, రాతపూర్వకంగా అడగాలి. ఉమ్మడి నల్లగొండ, పాలమూరు ఎంపీలు పార్టీలకు అతీతంగా ఆ మాట పార్లమెంటులో కేంద్రం చేత చెప్పించాలి.