కూలీ చేసిన పని సున్నానా?

భౌతికశాస్త్రం పుస్తకాల్లో ఎన్నాళ్లనుంచో నలుగుతున్న లెక్క ఒకటుంది. నెత్తిన మూటతో కూలీ చదునైన ప్లాట్‌ఫాం మీద నడుస్తాడు. గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా అతను చేసిన పని ఎంత? జవాబు: సున్నా. మన పిల్లవాడు అది బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటాడు. ఇంటికొచ్చి చూస్తే వాళ్లమ్మ మెడ పట్టేసి మూలుగుతూ ఉంటుంది.

సూత్రం తప్పని మేం అనడం లేదు. బలం పైకి, నడక అడ్డంగా. రెండూ లంబంగా ఉంటే పని సున్నానే. కానీ మోసే మనిషి కండరాలు లోపల బిగుస్తూనే ఉంటాయి, తిన్న తిండిలోని శక్తి వేడిగా ఖర్చవుతూనే ఉంటుంది. ఈ రెండో మాట చాలాసార్లు లెక్కలో కనపడదు. రాసినాయన మెడ మీద ఎప్పుడూ మూట పడి ఉండదు, అంతే.

జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులోనూ జరుగుతున్నది. ప్రశ్నపత్రం వచ్చింది సరే, సాధనకు లెక్కలేవి? కొనగలిగినోడు కోచింగ్ కొంటాడు. హాస్టల్ పిల్ల ఏం చెయ్యాలి? లిఫ్టు ఎన్నడూ ఎక్కని పిల్ల ముందు లిఫ్టును ఊహించుకోవాలి, ఆ తర్వాత లెక్క చెయ్యాలి.

ఇంటర్నెట్‌లో ఎవరైనా రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకునే ఉమ్మడి పుస్తకాలున్నాయి. 2003లో మొదలైన వికీబుక్స్ అలాంటిదే. దానికి తెలుగు విభాగం ఉంది. మనలో ఫిజిక్స్ చదివినోళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు తలా నాలుగు లెక్కలు రాసి అక్కడ పెట్టాలి.

ఎట్లాంటివి? మన బావి చాలు. నీళ్లు 10 మీటర్ల లోతున ఉన్నాయి. నిండు చేద 12 కిలోలు. గురుత్వ త్వరణం 10 అనుకుంటే ఒక్క చేదకు 1200 జౌళ్లు. పది నిమిషాల్లో 20 చేదలు తోడిన అక్క సగటు సామర్థ్యం 40 వాట్లు. గిలక ఘర్షణ, తాడు బరువు వదిలేశామని కూడా రాయాలి. డప్పును మంట దగ్గర ఎందుకు కాస్తాం? తోలులో తేమ పోయి బిగుస్తుంది, మోత పెరుగుతుంది. తోలు బరువు మారలేదనుకుని, తన్యత 21 శాతం పెరిగితే పౌనఃపున్యం 10 శాతం పెరుగుతుంది. ఈ లెక్క మనకంటే బాగా ఎవరు రాస్తారు?

గైడ్లలోంచి ఎత్తిరాయొద్దు. సూత్రం అందరిదీ, కానీ వాళ్లు రాసిన మాటల మీద హక్కు వాళ్లది. జవాబు ఒక్కటే పడేసి పోవద్దు, మెట్టుమెట్టూ రాయండి. పెట్టేముందు ఇంకొకరితో చేయించండి. ఉమ్మడి పుస్తకంలో తప్పును ఎప్పుడైనా దిద్దొచ్చు, నిజమే. ఈలోపల పరీక్షకు పోయిన పిల్లకు ఎవరు దిద్దిపెడతారు? నెట్టు లేని హాస్టళ్లలో కాగితం మీద దింపి గోడకంటించండి.

కూలీ లెక్కనూ తీసెయ్యొద్దు. దానికి ముందు ఇంకో ప్రశ్న చేర్చండి: 40 కిలోల మూటను నేలమీంచి 1.6 మీటర్ల ఎత్తున నెత్తికెత్తడానికి చేసిన పని ఎంత? 640 జౌళ్లు.