బండి కదలకముందే వడ్డీ

బిలాస్‌పూర్ చుట్టుపక్కల రైల్వే ఉద్యోగాన్ని నమ్ముకున్న తెలుగు కుటుంబాల్లో మెకానికల్ ఇంజనీరింగ్‌పై మోజు ఇంకా తగ్గలేదు.

లెక్క చూద్దాం. ఏటా లక్ష చొప్పున 4 లక్షల విద్యారుణం, 10 శాతం వడ్డీ. చదువయ్యాక ఏడాది వరకు కట్టక్కర్లేదు. కానీ వడ్డీ ఆగదు. అప్పటికే సుమారు 1.4 లక్షలవుతుంది. అదీ కలిపి ఏడేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 9,000.

రైల్వే జూనియర్ ఇంజనీర్ మూలవేతనం 35,400. బాగానే ఉంది. కాకపోతే (ఇక్కడే చాలామంది తండ్రులు పొరబడతారు) దానికి డిప్లొమా చాలు! అసిస్టెంట్ లోకో పైలట్‌కైతే ఐటీఐతోనే 19,900 మూలవేతనం. మామూలు కాలేజీలో అప్పు చేసి కొనే డిగ్రీ కంటే ముందు పాలిటెక్నిక్ సీటే మేలు. తర్వాత లేటరల్ ఎంట్రీలో రెండో ఏడాదిలోకే చేరొచ్చు.