నెత్తురు లెక్క చెప్పింది, వినేదెవరు?

డేటా అంటే కోకాపేట అద్దాల మేడల సొత్తనుకుంటున్నం. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100 కోట్లు దాటింది. కానీ మాలవాడ, మాదిగవాడ నెత్తురు కూడా డేటానే. 2009లో హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి ‘నేచర్’ పత్రికలో అచ్చేసిన పరిశోధనలో 25 సమూహాల మనుషులు 132 మంది ఉన్నరు. వాళ్లలో మాల, మాదిగ, వెలమ, వైశ్య, చెంచు ఉన్నరు.

ఒక్కొక్కరి డీఎన్ఏలో 5,60,000కు పైగా చోట్ల అక్షరాలు చదివిన్రు. అంత కుప్ప కంటితో తేలేది కాదు. ముందు సరిగా పడని నమూనాలను, దగ్గరి బంధువులను ఏరి పక్కన పెడతరు. ఎవరు ఎవరికి ఎంత దగ్గరో కంప్యూటరుతో కొలుస్తరు. రెండు వంశాలు కలిస్తే ఆ డీఎన్ఏ ముక్కలు తరతరానికీ తెగి పొట్టివైతయి. ముక్క పొడవును బట్టి కలయిక ఎన్ని తరాల కిందటిదో లెక్కగడతరు. 2013లో అట్లనే తేలింది: 4,200 ఏండ్ల కింద మొదలై 1,900 ఏండ్ల కింది దాకా ఈ నేల మీద దాదాపు అందరూ కలిసిన్రు. తర్వాత తలుపులు మూసుకున్నయి.

అందరిదీ కలిసిన నెత్తురే, ఇంక కులమెక్కడిది అనేటోళ్లున్నరు. వాళ్లు సగం లెక్కే చదువుతరు. మూసిన తలుపు సంగతి ఎవరు చెప్పాలె? కులానికి ప్రాణం లోపలి పెండ్లే అని అంబేద్కర్ 1916లోనే కొలంబియాలో చెప్పిండు, ఏ యంత్రమూ లేకుండనే!

మనలోనూ కొందరు మనది వేరే జాతి అంటరు. అదీ నిలవదు. అంటరానితనానికి మూలం జాతి భేదం కాదని 1948లో బాబాసాహెబే రాసిండు. లెక్క చూపింది కూడా పాళ్లలో హెచ్చుతగ్గులే. తలుపు మూసిన కాలం దొరికిందంటే మూసింది మనిషే, దేవుడు కాదు. తెరవాల్సిందీ మనిషే.

ఇంకొక మాట. వైశ్యుల్లో ఒక ఎంజైము లోపం ఇతరుల కంటే సుమారు 100 రెట్లు ఎక్కువ. ఆపరేషనప్పుడు కండరాలు సడలించే మందు వాళ్లకు ప్రమాదమని డాక్టర్లకు తెలుసు. ఆ ఎరుక ప్రాణాలు కాపాడుతది. మరి మన వాడల జబ్బుల లెక్క ఎవరు తీయాలె? నెత్తురిచ్చే చెయ్యి మనది, ప్రశ్న అడిగే నోరు ఇంకొకరిదైతే జవాబు మన దాకా వస్తదా?

కోకాపేటలో కోడింగు చేసే మన పిల్లలకు ఈ లెక్క రాకపోదు. జీవశాస్త్రం, గణాంకాలు పట్టాలె. మన నెత్తురు చెప్పిన మాట తెలుగులో మన వాడకు తిరిగి రావాలె. అది భిక్ష కాదు, హక్కు.