బంగారమ్మగారికి వేఱు తూనికరాళ్ళేల?

భావకవిత్వమన్నంతనే మన హిందూపుర, పెనుకొండ, ధర్మవరములందలి విద్యావంతుల యిండ్లలో రాయప్రోలువారి పేరును, కృష్ణశాస్త్రిగారి పేరును వినవచ్చును. చావలి బంగారమ్మగారి మాటయెత్తితిమా, కొంపెల్ల జనార్దనరావుగారి సోదరి కదా యందురు. సౌదామిని యన్నచో బసవరాజు అప్పారావుగారి భార్య యందురు. ధర్మవరపు పట్టుచీర కొనువారు అంచును, నేతను పరీక్షింతురే గాని నేసినవారి చుట్టఱిక మడుగరు. పాటకు మాత్రమే యీ విచారణ యేల?

మెచ్చుకొనువారు సైతము బంగారమ్మగారివి సుకుమారమైన యాటపాటలని చేయి దులుపుకొందురు. నండూరివారి ఎంకి వాడుకమాట పలికిన నది నూతనమార్గ మట! 1800 లో వర్డ్స్‌వర్తు తన పీఠికయందు జనుల వాడుకమాట కవిత్వమునకు దగునని వాదించెను; దానిని మేము బడిలో గొప్ప తిరుగుబాటని పాఠము చెప్పుచున్నాము. అదే పని యొక తెలుగింటి యిల్లాలు చేసినచో పిల్లచేష్టయా?

వర్డ్స్‌వర్తునకు ముందే, 1784 లో, షార్లెట్ స్మిత్ సానెట్లు వెలువడినవి. ఆంగ్లకవిత్వ మామెకు మిక్కిలి ఋణపడియున్నదనియు, లోక మా ఋణమును తలపకపోవచ్చుననియు నాతడే పిదప వ్రాసెను. అట్లే జరిగినది. మేము చదివిన పాఠ్యగ్రంథములలో నాతడుండెను, ఆమె లేదు.

స్త్రీలు వ్రాసిన దెంతయని కొంద ఱడుగుదురు. 1935 లో ముద్దుకృష్ణగారు కూర్చిన వైతాళికులు సంపుటమున బంగారమ్మగారి పాటలు గలవు. ఆమె కాంచనవిపంచి 1958 లో వెలువడినది. తెగడదలచినవారు ముందు దానిని చదివి, యే పాటలో నేమి లోపమో చూపుడు; మేము వాదమునకు సిద్ధముగనే యున్నాము.