జెట్టీ దగ్గరికే వైద్యం రావాలి

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాట తెల్లారకముందే మొదలవుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఓపీ తెరిచేది పొద్దెక్కాక. జెట్టీ మీద చేపలు కొన్న ఆడవాళ్లు ఆ వేళకు గంపలెత్తుకుని కాలనీల్లో తిరుగుతుంటారు. అమ్మకం మానుకుని ఓపీ చీటీకి వరసలో నిలబడితే గంపలోని పెట్టుబడి కుళ్లిపోతుంది. బోటెక్కే కలాసీది ఇంకో తంటా. జేబులో బీపీ మాత్రల అట్ట ఉంటుంది. అట్టలో పది మాత్రలు, వేట పదిహేను రోజులు. పదకొండో రోజున అతడు నడిసముద్రంలో ఉంటాడు. ఒడ్డుకొచ్చాక 'మందులు సరిగా వాడవు' అని మాట పడతాడు.

ఈ రేవు లెక్కలు పాలకులకు తెలియనివేమీ కావు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధమనీ తెలుసు, ఆ కాలానికి భృతి ఎంతో కూడా తెలుసు. 2023 నవంబరు 19 రాత్రి హార్బర్‌లో బోట్లు తగలబడితే, వాటి విలువలో 80 శాతం పరిహారం ప్రకటించారు. మంచిదే. బోటుకు కట్టిన విలువ, దాన్ని నడిపే ఒంటికీ కట్టాలి కదా!

వేళతో పాటు మాట కూడా అడ్డమవుతోంది. విశాఖలోని జాలారి మత్స్యకారుల మధ్య ఉండి పరిశోధన చేసిన అమెరికా మానవశాస్త్రవేత్త చార్లెస్ నకోల్స్ ఒక సంగతి రాశారు. అన్నదమ్ముల తగువుకూ, అమ్మవారి కోపానికీ, ఇంట్లో జబ్బుకూ వాళ్లు ముడివేసి చూస్తారు. మూఢనమ్మకమని డాక్టరు నవ్వితే రోగి నోరు మూసుకుంటాడు, మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. గుండెనొప్పికి మొక్కు మందు కాదన్నది నిజం. ఆ నిజం అతడి చెవికెక్కాలంటే ముందు అతడి మాట వినాలి. 'మొక్కు మొక్కుకో, మాత్ర మాత్రం మానకు' అనే డాక్టరు మాటే పేటలో చెల్లుతుంది.

న్యూజిలాండ్‌లో మావోరీ నర్సు ఇరిహపేటి రామ్స్‌డెన్ వాదించింది ఇదే: అందిన వైద్యం తనకు భద్రమో కాదో తేల్చాల్సింది రోగే. 1992 నాటికి అక్కడి నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సుల చదువులో తప్పనిసరి చేసింది. అంత దూరం పోనక్కర్లేదు. మన విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)లోనే మన్యం రోగుల కోసం ఎస్టీ సెల్ ఉంది. కొండ దిగి వచ్చినవారికి తోడు కావాలని ఒప్పుకున్నాం. కడలి నుంచి వచ్చినవారి విషయంలో ఎందుకీ తాత్సారం? మత్స్యకారులైన వాడబలిజలు, జాలారులు రికార్డుల్లో ఎస్టీలు కాక బీసీ-ఏ కావచ్చు. కుల ధ్రువపత్రం రిజర్వేషన్‌కు కొలబద్ద. వైద్యానికి అవసరమే కొలబద్ద.

కాబట్టి వేలం నడిచే వేళల్లో జెట్టీ మీదే క్లినిక్ తెరవాలి. బోటులోకి డీజిల్, ఐసు, బియ్యం ఎక్కినట్టే, వేట రోజులకు సరిపడా, పైన మరో వారానికీ మందులు ఎక్కాలి. మత్స్యకార పేటల ఆడవాళ్లనే ఆశా కార్యకర్తలుగా తీసుకోవాలి. కొత్త డాక్టర్లకు పేటల్లో కొన్నాళ్ల పని తప్పనిసరి చేయాలి. నిషేధం ముగిసేలోగా ప్రతి మత్స్యకారుడికీ బీపీ, షుగరు, క్షయ, కంటి పరీక్షలు పూర్తికావాలి. ఆ 61 రోజులూ వాళ్లు వలలు కుట్టుకుంటారు, బోట్లకు రంగులు వేసుకుంటారు. ఒళ్లు బాగుచేసుకునే అదును కూడా అదే. జూన్ 15న బోట్లు రేవు దాటే నాటికి ఆ పని జరిగి ఉండాలి.