చేప ముక్క చేసే మూడు పనులు

మా ఇల్లు మైపాడు బీచ్‌కి ఆరు కిలోమీటర్లు. నాయన రొయ్యల గుంటల దగ్గర పని చేస్తాడు. మా ఇంట్లో వారంలో నాలుగు రోజులు చేపో రొయ్యో ఉంటుంది, మిగతా రోజుల్లో పప్పులోకి ఎండు చేప ముక్క కాల్చుకుంటాం. ఇట్టాంటి ఇంట్లో నాన్‌వెజ్‌కి బదులు ఏం తినాలి అనే ప్రశ్న ఎప్పుడూ రాలేదు. పోయిన సంవత్సరం సెమిస్టర్ సెలవుల్లో నాయనకి ఛాతీలో నొప్పి వచ్చి స్టెంట్ వేశారు. అప్పుడు వచ్చింది.

డాక్టరు గారు చెప్పింది చాలా సింపుల్. వేపుళ్ళు, మటన్, ఉప్పు తగ్గించమన్నారు, రోజూ నడవమన్నారు. చేపల పులుసు మానేయమని ఆయన అనలేదు. ఆ మాట నేనన్నాను. హాస్పిటల్ వరండాలో కూర్చుని ఫోన్‌లో రెండు రాత్రులు చదివాను. 'హోల్ ఫుడ్ ప్లాంట్ బేస్డ్' అనే పద్ధతి దొరికింది. అంటే మొక్కల నుంచి వచ్చినవే తినడం, అవి కూడా వీలైనంత వరకు వాటి అసలు రూపంలోనే: ముడి ధాన్యం, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలు. మైదా, చక్కెర, విడిగా తీసిన నూనె ఇందులో ఉండవు, ఉన్నా చాలా తక్కువ. మా అవ్వకి ఇది కొత్తేం కాదు. మంతెన సత్యనారాయణ రాజు గారు ఉప్పూ నూనే లేని వంటల గురించి టీవీలో చెప్తుంటే ఏళ్ళ తరబడి చూసింది. చూసింది అంతే, చెయ్యలేదు.

నేను మాత్రం ఇంటికి రాగానే ఆన్‌లైన్‌లో ప్యాకెట్లు ఆర్డర్ పెట్టాను. శాకాహార చికెన్ ముక్కలు, శాకాహార ఫిష్ ఫింగర్స్. నాయన ఒక ముక్క నమిలి, "ఏందిరా ఇది, చికెనూ కాదు, గుగ్గిళ్ళూ కాదు" అన్నాడు. ప్యాకెట్ వెనక చదివితే విడదీసిన ప్రొటీన్, నూనె, స్టార్చ్, ఫ్లేవర్లు, ఉప్పు. ఉప్పు తగ్గించమంటే నేను ఉప్పుకే డబ్బులు కట్టి ఇంటికి తెచ్చాను!

మూడో రోజు అమ్మ ఒక మాట అంది. "మానేసింది మీరు. రెండో పొయ్యి వెలిగించేది నేను." దానికి నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ మాట తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళి నేర్చుకున్నదే.

నా అభిప్రాయం ఇది. మాంసానికి ప్రత్యామ్నాయం అని ఒకే వస్తువు కోసం వెతకడమే తప్పు. మన సీఎస్ భాషలో చెప్పాలంటే, ఒక పాత మాడ్యూల్ తీసేసే ముందు అది ఏమేం పనులు చేస్తోందో చూస్తాం కదా. నేను అది చూడకుండానే డిలీట్ కొట్టేశాను. కంచంలో చేప ముక్క మూడు పనులు చేస్తుంది. ప్రొటీన్ ఇస్తుంది. పంటికి తగులుతుంది. పులుసు రుచిని మోస్తుంది. ఈ మూడు పనులకీ ముగ్గుర్ని పెట్టుకోవచ్చు.

ముందు ప్రొటీన్. ఐసీఎంఆర్ లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి రోజుకి కిలో బరువుకి 0.83 గ్రాముల ప్రొటీన్ చాలు. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. 100 గ్రాముల చేపలో సుమారు 20 గ్రాములు ఉంటుంది. కందిపప్పు, పెసలు, అలసందలు, ఉలవలు ఏవైనా 100 గ్రాముల ఎండు గింజల్లో 22 నుంచి 24 గ్రాముల వరకు ఉంటుంది. కానీ ఒక పూటకి మనం అంత తినం. గుప్పెడు, అంటే 50 గ్రాములు ఉడికిస్తే 12 గ్రాములు వస్తుంది. మిగతాది అన్నం, వేరుశనగలు, రెండో పూట పప్పు కలిసి నింపుతాయి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు మాత్రం పప్పులు పెంచే ముందు డాక్టర్‌ని అడగాలి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. పెళ్ళిళ్ళలో పనసకాయ బిర్యానీ తిని "అచ్చం చికెన్ లాగే ఉంది" అంటాం. నమలడానికి నిజంగానే అట్టాగే ఉంటుంది. కానీ 100 గ్రాముల లేత పనసకాయలో ప్రొటీన్ మూడు గ్రాములు కూడా ఉండదు. పుట్టగొడుగుల్లోనూ సుమారు అంతే. అరటికాయ, కంద ఇంకా తక్కువ. అవి పంటి పని చేస్తాయి, ప్రొటీన్ పని చెయ్యవు. తినండి, కానీ పక్కన ఉలవచారో శనగలో పెట్టుకోండి.

మరి మీల్ మేకర్? మన హాస్టల్ మెస్‌కి రెండో పేరు. సోయా గింజల నుంచి నూనె తీసేశాక మిగిలిన పిండిని వేడిలో, ఒత్తిడిలో మెషీన్ నుంచి బయటికి తోస్తే ఆ ఉండలు వస్తాయి. 100 గ్రాముల ఎండు ఉండల్లో 50 గ్రాముల పైనే ప్రొటీన్ ఉంటుంది. నానితే బరువు దాదాపు మూడింతలవుతుంది కాబట్టి కంచంలోకి వచ్చేసరికి ఆ లెక్క చేపకి దగ్గరగా దిగుతుంది. ఇది పూర్తి గింజ కాదు, కాబట్టి హోల్ ఫుడ్ అనలేం. అట్టాగని విషమూ కాదు. వారానికి ఒకటి రెండు సార్లు, మసాలా కలపని సాదా రకం, నానబెట్టి గట్టిగా పిండి, నూనెలో దేవకుండా వండుకుంటే నాకు అభ్యంతరం లేదు. సోయా పాలు విరగ్గొట్టి చేసే టోఫు దానికన్నా ఒక మెట్టు మేలు అనుకుంటాను.

ప్యాకెట్ మాంసం గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. 2020లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 36 మందికి ఎనిమిది వారాలు మాంసం, ఇంకో ఎనిమిది వారాలు మొక్కల మాంసం పెట్టి చూశారు. మొక్కల మాంసం తిన్నప్పుడు చెడు కొలెస్ట్రాల్ తగ్గింది. ఆ పరిశోధనకి డబ్బిచ్చింది మాత్రం మొక్కల మాంసం అమ్మే కంపెనీయే. కాబట్టి నేను రెండు వైపులా చూస్తాను. రోజూ మటన్ తినేవాళ్ళకి ప్యాకెట్ ఒక మెట్టు కావచ్చు. పప్పూ కూరా వండుకునే ఇంటికి మాత్రం అది ఒక మెట్టు కిందికే. కొనాల్సి వస్తే మూడు చూడండి: మొదటి పదార్థం పేరు, 100 గ్రాములకి సోడియం, శాచురేటెడ్ ఫ్యాట్. మొదటి పదార్థం మీ అవ్వ గుర్తుపట్టేది కాకపోతే ఒక్క నిమిషం ఆలోచించండి.

ఇక మూడో పని, రుచి. నెల్లూరు చేపల పులుసు రుచి చేపది ఒక్కదానిదే అనుకుంటాం. చింతపండు, పుల్ల మామిడికాయ, వేయించిన మెంతులూ ధనియాల పొడి, రాత్రంతా ఊరడం, ఇవన్నీ మొక్కల పక్షమే! ఎక్కువ కోడ్ ఆల్రెడీ రాసి ఉంది, ముక్క ఒక్కటే మార్చాలి. మా ఇంట్లో చివరికి కుదిరిన వంట ఇది, నలుగురికి సరిపోతుంది.

200 గ్రాముల అలసందలు రాత్రి నానబెట్టాలి. పొద్దున నీళ్ళు పూర్తిగా వంచేసి, అల్లం, మూడు పచ్చిమిరపకాయలు, జీలకర్ర, పసుపు, చిటికెడు ఉప్పు వేసి బరకగా రుబ్బాలి. ఒక చెంచా అవిసె గింజల పొడి కలిపితే పిండి విడిపోదు. ఇడ్లీ గిన్నెలో పట్టే పళ్ళెంలో అంగుళం మందాన పరిచి 20 నిమిషాలు ఆవిరి మీద ఉడికించాలి. పూర్తిగా చల్లారాకే ముక్కలు కొయ్యాలి. నేను మొదటిసారి ఆగలేక వేడి మీద కోస్తే ఉప్మా అయింది. ముక్కల్ని దోసె పెనం మీద రెండు వైపులా కాల్చితే పైన పొర గట్టిపడుతుంది.

దాకలో ఉల్లిపాయ ముక్కల్ని నూనె బదులు కొంచెం కొంచెం నీళ్ళు చిలకరిస్తూ మగ్గించాలి. వెల్లుల్లి, టమాటా, కారం, చింతపండు రసం, మామిడికాయ ముక్కలు, మెంతులూ ధనియాలూ ఆవాల పొడి. చిక్కదనానికి ఒక చెంచా వేయించిన వేరుశనగల ముద్ద. పులుసు బాగా మరిగాక ముక్కలు వేసి ఐదు నిమిషాలు ఉంచి దించాలి. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పాలి. చేపల పులుసుకి అమ్మ చేసేదీ అదే. మనిషికి 12 గ్రాముల ప్రొటీన్. మరుసటి రోజు ఇంకా బాగుంటుంది.

కీమా కావాలంటే ఉడికించిన నల్ల శనగలు సగం నలిపి, నూనె లేకుండా నీరంతా ఇగిరేదాకా వేయించిన పుట్టగొడుగుల తురుము కలపండి. ఎండు చేప వాసనకి మాత్రం బదులు లేదు. అవ్వా నేనూ వెతికి ఓడిపోయాం.

రుచి కుదిరినా శరీరానికి రెండు లోటులు మిగులుతాయి. బీ12 విటమిన్ మొక్కల ఆహారంలో నమ్మదగ్గ మోతాదులో దొరకదు. పాలు, గుడ్లు కూడా పూర్తిగా మానేసినవాళ్ళు డాక్టర్‌ని అడిగి మాత్ర వేసుకోవాల్సిందే. ఇంకోటి, చేపల్లో ఉండే రకం ఒమేగా-3 అవిసె గింజల్లో నేరుగా ఉండదు. వాటిలో ఉన్నదాన్ని మన శరీరం కొద్దిగానే మార్చుకోగలదు. పప్పుల్లోని ఐరన్ ఒంటికి పట్టాలంటే పైన నిమ్మకాయ పిండుకుని, టీ ఒక గంట ఆగి తాగడం మంచిది.

ఇంకో లోటు నాలో ఉండింది. మొదటి నెలలో నేను కొంచెం పవిత్రుడినైనట్టు మాట్లాడాను. ఇంట్లో చేపల వాసన వస్తోందని ముక్కు మూసుకున్నాను. నా కాలేజీ ఫీజు ఆ వాసనలోంచే వచ్చింది. మన దగ్గర 'మేం తినం' అనే మాట వెనక ఎన్ని హెచ్చుతగ్గులు ఉన్నాయో మనందరికీ తెలుసు. ఆరోగ్యం కోసం పప్పు తినేవాడు ఆ పాత మెట్లు ఎక్కి కూర్చోకూడదు. మా వీధిలో వేటకి పోయేవాళ్ళకి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు నిషేధం. ఆ రెండు నెలలు సముద్రం చేప లేకుండా ఎట్టా వండుకోవాలో వాళ్ళకి తెలుసు. కార్తీక మాసంలో అవ్వకీ తెలుసు. నేర్చుకోవాల్సింది నేనే.

ఇప్పుడు మా ఇంట్లో ఒప్పందం ఇది. వారంలో ఐదు రోజులు అందరికీ మొక్కల వంటే, ఒకటే పొయ్యి. రెండు రోజులు చేపల పులుసు, వేపుడు ఉండదు. సెలవులకి నేను ఇంట్లో ఉంటే ఆ ఐదు రోజుల వంట నాది. నాయన రిపోర్ట్‌లో కొలెస్ట్రాల్ తగ్గింది. కానీ ఆయన మాత్రలు వేసుకుంటున్నాడు, సాయంత్రం కట్ట మీద నడుస్తున్నాడు, బీడీ మానేశాడు. ఒకేసారి నాలుగు లైన్లు మార్చి బగ్ పోతే ఏ లైన్ వల్ల పోయిందో చెప్పలేం కదా. క్రెడిట్ అంతా అలసందలకి ఇవ్వను.

చివరగా మన మెస్ కమిటీకి ఒక రిక్వెస్ట్. ఆదివారం చికెన్ వద్దనేవాళ్ళకి ప్రతిసారీ నూనెలో తేలే పనీరో మీల్ మేకరో ఎందుకు? నెలకి రెండు ఆదివారాలు అలసందల పులుసు పెట్టి చూడండి. శనివారం రాత్రి గింజలు నానబెట్టడానికి నేను వస్తాను.