కాశీకి కారులో

చెన్నపట్టణంలో తెలుగువారు ఎప్పటినుంచి ఉన్నారని ఎవరైనా అడిగితే మనం చెప్పుకొనే పేర్లలో ఏనుగుల వీరాస్వామయ్యగారిది ఒకటి. ఇక్కడి సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఆయన 1830 మే 18వ తేదీ రాత్రి పట్టణం వదలి, తండయారుపేటలోని తన తోటకు చేరి, మాధవరం మీదుగా కాశీ దారి పట్టారు. కుటుంబంతోను, నూరుమంది దాకా పరివారంతోను సాగిన ఆ యాత్ర 1831 సెప్టెంబరు 3న ముగిసింది. చూసినదంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెగారికి ఉత్తరాలు రాస్తూ వచ్చారు. అవే 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకమైనవి.

ఈ మాధవరం ఇప్పుడు మనకు ఆంధ్రా బస్సులు బయలుదేరే చోటు. అక్కడినుంచి కాశీ దాకా రోడ్డు ఉన్నదన్న సంగతి మాత్రం మనలో చాలామంది మరిచిపోయాము. కాశీ అంటే విమానం. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి గంగ. మధ్యలో ఉన్న దేశమంతా మబ్బుల కింద పోతుంది.

మొన్న ఫిబ్రవరిలో మా వారూ నేనూ ఆ దేశం చూస్తూ కారులో వెళ్లి వచ్చాము. వెళ్లి వచ్చాము అనడం పూర్తిగా నిజం కాదు. వెళ్లడం కారులో, రావడం రైల్లో. ఎందుకో చివర చెబుతాను.

మా వారికి డెబ్బై. ఆయనకు కారు నడపడమంటే కొందరికి చీట్లపేక వంటిది. రెండేళ్ల కిందట ఆయన కంటికి గ్లాకోమా అని తేలింది. అది చూపును పక్కలనుంచి కొద్దికొద్దిగా కొరుక్కు తింటుంది. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే వైద్యం. "ఈ ఏడు పగటిపూట పరవాలేదు. వచ్చే ఏడు మళ్లీ పరీక్ష చేసి చెబుతాను" అన్నాడు డాక్టరు. యాభై అయిదు దాటినవారికి లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు. ఈయనది తిరగరాయించవలసిన ఏడు కూడా అదే. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "ఏమోయ్, కాశీకి పోదామా?" అన్నారు. విమానమా, రైలా అని నేను అడగలేదు.

ఒక్క షరతు పెట్టాను. సూర్యుడు దిగాక స్టీరింగు ముట్టుకోరాదు. రోజుకు 250 కిలోమీటర్లకు అటూ ఇటూగా పోవాలి. ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగాలి. పిల్లలు ఫోనులో గోల చేశారు. వాళ్ల గోల వాళ్లది.

ఊత్తుకోట దాటగానే సురుటుపల్లి. హాలాహలం మింగిన శివుడు అమ్మవారి ఒడిలో తల పెట్టుకొని పడుకున్న గుడి అది. లింగం కాకుండా పడుకున్న శివుణ్ణి చూడటం వింతగానే ఉంటుంది. "ఇంత కష్టపడ్డాక ఆయన మాత్రం కాసేపు నడుము వాల్చకూడదా?" అన్నారు మా వారు. ఆ పక్కనే నాగలాపురం. కృష్ణదేవరాయలు తల్లి నాగలాంబ పేరు పెట్టిన ఊరు. వేదనారాయణస్వామి మత్స్యావతారంలో ఉంటాడు.

తెలుగు బోర్డులు మొదలయ్యేది ఇక్కడే. మా వారు చదివినది తమిళ బడి. మాట్లాడేది తెలుగే అయినా, అక్షరాలతో స్నేహం తక్కువ. మన ఇళ్లలో ఇది కొత్త కాదు. దారి పొడుగునా బోర్డులు ఆయనే చదవాలని నేను రెండో షరతు అప్పటికప్పుడు చేర్చాను. ఊళ్ల పేర్లు, ఎరువుల కొట్లు, మిలిటరీ హోటళ్లు అన్నీ ఒకటో తరగతి కుర్రవాడిలా కూడబలుక్కుంటూ చదువుకొచ్చారు.

రాజంపేట దగ్గర అన్నమాచార్యులవారి తాళ్లపాక. అటు పిమ్మట నందలూరు దగ్గర చెయ్యేరు. 2021 నవంబరులో ఈ ఏటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, కింది పల్లెలను ముంచివేసింది. మేము చూసినప్పుడు ఆ ఏరు ఇసుక. ఇంత ఇసుకలోనుంచి అంత నీరు ఎలా వచ్చిందో అనిపిస్తుంది. ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉన్నారు, ఆంజనేయుడు లేడు. ఆయన రాముణ్ణి కలవకముందు వెలసిన గుడి అని చెబుతారు.

మర్నాడు పెన్న దాటి, ఆళ్లగడ్డ దగ్గర పక్కకు తిరిగి అహోబిలం చూసుకొని కర్నూలు చేరాము. చెన్నపట్టణపు తెలుగువారికి కర్నూలుతో ఒక లెక్క ఉన్నది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మైలాపూరులో ప్రాణం వదిలారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. పట్టణం మనకు రాలేదు, రాజధాని కర్నూలయింది. కట్టడాలు చాలక ఆఫీసులు కొన్ని డేరాలలో నడిచాయి. ఆనాడు ఇక్కడినుంచి పెట్టె బేడా సర్దుకొని వెళ్లిన సంసారాలు ఎన్నో. మా మామగారి ఉద్యోగం ఇక్కడే ఉండిపోయింది, మేమూ ఇక్కడివారమైనాము. కొండారెడ్డి బురుజు కింద టీ తాగుతూ మా వారు, "నాన్న అప్పుడు వచ్చి ఉంటే నేను ఈ బోర్డులన్నీ గడగడా చదివేవాణ్ణి" అన్నారు. "అప్పుడు నన్ను చేసుకొనేవారు కాదుగా" అన్నాను. కాసేపు ఆలోచించి, "చదువు పోయినా పరవాలేదులే" అన్నారు.

తుంగభద్ర దాటి అలంపురం. బాదామి చాళుక్యులనాటి నవబ్రహ్మ ఆలయాలు ఇక్కడివి. బ్రహ్మ పేరే గాని ఉన్నవాడు శివుడు. ఇక్కడ తప్పక చూడవలసినది కూడవెల్లి సంగమేశ్వరాలయం. శ్రీశైలం ప్రాజెక్టు నీటిలో మునిగిపోతుందని రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ పేర్చారు. మొదటినుంచీ ఇక్కడే ఉన్నట్టు కుదురుగా ఉన్నది. పొరుగూరు వచ్చి స్థిరపడ్డ మనవంటి వాళ్లకు ఆ గుడిని చూస్తే ఒక ధైర్యం.

హైదరాబాదులో చుట్టాలింట ఒక రోజు విశ్రాంతి. తరువాత నిర్మల్. సోన్ దగ్గర గోదావరి. అత్తగారు ఉండగా ప్రతి నదికీ ఒక నాణెం వేయించేవారు. ఇప్పుడు వంతెన మీద కారు ఆపరాదు కనుక మనసులోనే దండం పెట్టుకొన్నాము. నిర్మల్‌లో పొనికి కర్రతో చేసే బొమ్మలు కొన్నాము. పొనికి బెండులా తేలిక. వంకాయ, దానిమ్మ అచ్చం నిజమే అనిపిస్తాయి. పెన్‌గంగతో తెలుగు బోర్డులు అయిపోయాయి. వంతెన దాటాక మా వారు అలవాటుగా నోరు తెరిచి, నాగరి లిపి చూసి మూసుకొన్నారు. ఆపాటికి ఆయన చదువు ఎంత కుదిరిందంటే, దాబా బోర్డు మీది తప్పులు కూడా పట్టుకొంటున్నారు.

నాగపూరు దాటాక రాంటెక్ కొండ. కాళిదాసు మేఘసందేశంలోని రామగిరి ఇదేనని పండితులు చాలామంది అంటారు. శాపం పొంది యక్షుడు భార్యకు ఏడాదిపాటు దూరమైనది ఇక్కడేనని చెప్పాను. "ఏడాదే?" అన్నారు మా వారు. ఆ మాటలోని అర్థం నేను ఇంతవరకు అడగలేదు.

అక్కడినుంచి పెంచ్ అడవి. రోడ్డును వంతెనల మీద ఎత్తి, కింద జంతువులకు దారి వదిలారు. పులి కనబడలేదు. కనబడినది పంక్చరు. లఖనాదోన్ ఇంకా కొద్ది దూరం ఉన్నదనగా చక్రం కూర్చున్నది. మా కాలంలో త్యాగరాయనగర్ హిందీ ప్రచార సభవారి పరీక్షలు రాష్ట్రభాష దాకా ప్యాసయినదాన్ని. ఆ పుస్తకాల హిందీలో నేను మెకానిక్కును సంబోధిస్తే, అతను పని ఆపి నవ్వుకొని, మళ్లీ పని చేశాడు. చక్రం మారేసరికి పొద్దు వాలింది.

జబల్పూరు ఇంకా ఎనభై కిలోమీటర్లు ఉంటుంది. గది అక్కడ మాట్లాడి ఉన్నాము. "గంటన్నర, అంతే" అన్నారు మా వారు. నేను మాట్లాడలేదు. ఆయనే పది నిమిషాలు నడిపి, వేగం తగ్గించి, పక్కకు తీసి ఆపారు. ఎదురు లారీల దీపాలు వచ్చిపోతున్నాయి. "రోడ్డు అంచు కనబడటం లేదే" అన్నారు నెమ్మదిగా. నలభై అయిదేళ్ల కాపురంలో కారులో ఆయన ఈ మాట అనగా నేను వినలేదు. కాసేపు అలాగే కూర్చున్నాము. తరువాత ఇండికేటరు వేసుకొని, సైకిలు వేగంతో లఖనాదోన్ చేరి, దొరికిన చిన్న లాడ్జిలో రాత్రి గడిపాము. వీరాస్వామయ్యగారు వెళ్లిన కాలంలో ఈ దారులలో థగ్గుల భయం. జబల్పూరులో ఉండి స్లీమన్ దొర వారిని అణచినది ఆ 1830 దశాబ్దంలోనే. మాకు ఆ భయం లేదు. మా భయం కారులోనే, మా పక్కనే కూర్చున్నది.

జబల్పూరు దగ్గర భేడాఘాటులో నర్మద పాలరాతి కొండల నడుమ పారుతుంది. ధువాంధార్ జలపాతపు తుంపర పొగలా లేస్తుంది. పడవవాడు ప్రతి రాయికీ ప్రాస కట్టి చెబుతాడు. తెలుగువారు ఇక్కడ తలచుకోవలసిన పేరు ఇంకొకటి ఉన్నది. 1939లో కాంగ్రెసు మహాసభ జరిగిన త్రిపురి ఈ పక్కనే. ఆ ఏడు అధ్యక్షపదవికి మన పట్టాభి సీతారామయ్యగారు నిలిచి సుభాస్‌బాబు చేతిలో ఓడిపోయారు. ఆ ఓటమి తనదేనన్నారు గాంధీజీ. ఓడిన పట్టాభిగారే 1948లో కాంగ్రెసు అధ్యక్షులై, 1952 నుంచి 1957 వరకు ఈ మధ్యప్రదేశ్‌కే గవర్నరుగా ఉన్నారు. ఓడిన ఊరికి పెద్దగా తిరిగి రావడం అందరికీ దొరికే భాగ్యం కాదు.

రీవాలో ఒక రాత్రి ఆగి, పదకొండో రోజు మధ్యాహ్నం కాశీ. అన్నీ కలిపి సుమారు 2,000 కిలోమీటర్లు. మానససరోవరం దగ్గర ఆంధ్రాశ్రమం ఉన్న వీధులలో తెలుగు వినబడుతుంది. అరిటాకు భోజనం మన ఇంటి భోజనమే.

కాశీకి వెళితే ఒక కాయ, ఒక పండు వదలాలన్నది మనవారి ఆచారం. ఇష్టమైనది వదలాలి. మనలో పలువురు వదిలేది కాకరకాయ. నేను వంకాయ వదిలాను. అది ఎంత త్యాగమో గోదావరి జిల్లాల సంతతివారికి చెప్పనక్కరలేదు. పురోహితుడు మా వారిని అడిగితే ఆయన జేబులోనుంచి కారు తాళాలు తీసి నా చేతిలో పెట్టి, "నేను ఇది వదిలేశానండీ" అన్నారు. పురోహితుడు వాటిని ఎగాదిగా చూసి, "ఇది కాయలోకి వస్తుందా, పండులోకి వస్తుందా?" అన్నాడు. అందరం నవ్వాము. మా వారు నవ్వుతూనే గంగవైపు తిరిగారు. నేను తాళాలు కొంగున ముడి వేసుకొన్నాను.

డాక్టరు వద్దనడానికి ముందే తాను వద్దనుకోవడం మగవారికి ఎంత కష్టమో ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. ఈ శీర్షిక చదివే ఇళ్లలో ఇటువంటి తాళాలు ఇంకా కొన్ని ఉండవచ్చును. లాక్కోవడానికి తొందరపడకండి. ముందు ఒకసారి, పగటిపూట, పక్కన కూర్చొని ఎక్కడికైనా వెళ్లి రండి. కాశీయే కానక్కరలేదు. సురుటుపల్లి వరకైనా చాలును.

ఇక కారు సంగతి. మా అబ్బాయి, కోడలు పది రోజుల సెలవు పెట్టి విమానంలో కాశీ వచ్చారు. వీరాస్వామయ్యగారి తిరుగు ప్రయాణం గయ, కలకత్తా, జగన్నాథం, విశాఖ, రాజమహేంద్రవరం, నెల్లూరు మీదుగా. కారు ఆ దారిన వాళ్లు తెచ్చేటట్టు, మేము రైలెక్కేటట్టు ఏర్పాటు. అబ్బాయికీ తెలుగు చదవడం అంతంత మాత్రమే. స్టేషనులో తాళాలు ఇస్తూ మా వారు వాడికి రెండు షరతులు చెప్పారు: పొద్దు దిగాక నడపరాదు, ఇచ్ఛాపురం నుంచి బోర్డులన్నీ పైకి చదవాలి.